కాలవలో ఈత అయ్యాక మా మోతీగాడి చెవులు

మా మోతీగాడికి కాలవ కనిపిస్తే ఇక ఎవరు పిలిచినా వినపడదు. వాడికి నాలుగేళ్లు, లాబ్రడార్ జాతి కుక్క. మేం రాజమండ్రిలో ఉంటాం, నెలకి రెండుసార్లయినా కొత్తపేట దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం, ఇంటికి ఎదురుగానే కాలవ, కారు ఆగీ ఆగకముందే వాడు రేవు మెట్లు దిగేసి నీళ్లలో ఉంటాడు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఆ ఎండిన గట్టు మీద నిలబడి కిందకి చూస్తూ ఉంటాడు, చూస్తే జాలేస్తుంది. మళ్లీ నీళ్లు వదిలిన రోజు వాడికి పండగే.

ఈ జాతికి ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన జాలర్ల దగ్గర పనిచేసిన కుక్కల నుంచి వచ్చిన జాతి ఇది. కాలి వేళ్ల మధ్య పొర ఉంటుంది, ఒంటి మీద జిడ్డుగా రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఆ లోపలి పొర ఒకసారి తడిసిందంటే మాత్రం తొందరగా ఆరదు. పైన నిమిరితే పొడిగానే ఉంటుంది, వేళ్లు లోపలికి పెట్టి చూస్తే చర్మం ఇంకా చెమ్మగా తగులుతుంది. రెండేళ్ల క్రితం నాకు ఈ సంగతి తెలియదు, దానికి బాధ పడింది మాత్రం వాడు.

ఆ ఆగస్టులో ముసురు పట్టింది. మూడు రోజులు వరసగా వాడు కాలవలో ఆడాడు, మేం పైపైన తుడిచి వదిలేశాం. నాలుగో రోజు నుంచి తల విదిలించడం మొదలుపెట్టాడు. ఎడమ చెవి దగ్గరికి వెళ్తే పులిసిన ఇడ్లీపిండి వాసన, లోపల ముదురు గోధుమరంగు గులిమి. అత్తయ్య ప్రేమతోనే చెప్పారు, "నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి రెండు చుక్కలు వెయ్యమ్మా, మా చిన్నప్పుడు అందరికీ అదే వేసేవాళ్లు" అని. వేశాం. రాత్రంతా కుయ్ కుయ్‌మంటూనే ఉన్నాడు. మొదట తీసుకెళ్లిన చోట చెవిలోకి చూడకుండానే ఇంజెక్షన్ చేసి పంపేశారు. ఇంకో రెండు రోజులకి చెవి డొప్ప బూరెలా ఉబ్బిపోయింది, తల అదేపనిగా విదిలించడం వల్ల లోపల చిన్న రక్తనాళాలు చిట్లి రక్తం చేరిందట.

రెండో డాక్టరుగారు దూదిపుల్లతో కొంచెం గులిమి తీసి మైక్రోస్కోపులో చూసి ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్ అని చెప్పారు. అది కుక్కల చెవిలో మామూలుగా కొద్దిగా ఉండేదేనట, తడీ వెచ్చదనం దొరికితే విపరీతంగా పెరిగిపోతుందట. వాడి చెవి ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించారు. మనకి చెవి రంధ్రం దాదాపు అడ్డంగా వెళ్తుంది, కుక్కకి మొదట కిందకి దిగి, ఆ తర్వాత మలుపు తిరిగి లోపలికి వెళ్తుంది. పైగా మూతలాగా వేలాడే డొప్ప, గాలి తగలదు. అంత మలుపులో నీళ్లు నిలబడితే బయటికి ఎలా వస్తాయి? దాని మీద మేం నూనె కూడా పోశాం.

డొప్పలో రక్తం తీసి కుట్లు వేశారు, వారం పైన మెడకి ప్లాస్టిక్ కాలర్‌తోనే తిరిగాడు. మూడో రోజుకే హుషారుగా కనిపించాడు కానీ మందు చెప్పినన్ని రోజులూ వేశాం. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వస్తుందని ఆయన గట్టిగా చెప్పారు.

అప్పటి నుంచి ఈత కన్నా ఆ తర్వాతి అరగంట మీదే నా ధ్యాసంతా. నీళ్లలోంచి రాగానే మెడపట్టీ తీసేస్తాను, దాని కింద తడి ఆగి ఒరిసిపోతుంది. బోరు నీళ్లతో ఒకసారి ఒళ్లంతా కడుగుతాను, బురదా నాచూ పోవాలి కదా. షాంపూ ప్రతిసారీ వెయ్యను, వేస్తే కుక్కల షాంపూనే, మనది వాడితే వాడి చర్మం పొడిబారిపోతుంది. తుడవడానికి మావయ్యగారి పాత పంచెలు రెండు కారులోనే పెట్టుకుంటాను, మెత్తటి నూలు, ఏ టవలూ అంత బాగా పీల్చదు. చంకలు, గజ్జలు, వేళ్ల సందులు, తోక మొదలు, చెవి కింద బుగ్గ, ఇవి మర్చిపోకూడదు. బుగ్గ మీద ఒకసారి పొద్దున చిన్న ఎర్రమచ్చలా కనిపించింది, సాయంత్రానికి అరచేయంత పచ్చిపుండు అయింది, హాట్ స్పాట్ అంటారు. తడి బొచ్చు కింద చర్మం నాని, వాడు గోకీ నాకీ అంత చేసుకుంటాడు. చుట్టూ బొచ్చు కత్తిరించి, క్రిములని చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేసి గాలి తగిలేలా ఉంచితే ఎండింది. పసుపు ముద్ద మాత్రం పెట్టకండి, కింద తడి అలాగే ఉండిపోతుంది.

చెవులకి డాక్టరు రాసిచ్చిన ఇయర్ క్లీనర్ వాడతాను. ఈత అయిన రోజే, రోజూ కాదు, ఎక్కువ కడిగినా లోపల చర్మం పాడవుతుంది. చెవిలో ధారాళంగా పోసి, డొప్ప మొదట్లో అర నిమిషం మెల్లగా పిసికితే లోపల చప్పుడు వినిపిస్తుంది. తర్వాత వదిలేస్తే వాడే తల విదిలిస్తాడు, బయటికి వచ్చింది దూదితో తుడుస్తాను, నా వేలు వెళ్లినంత వరకే. ఇయర్ బడ్స్ పెడితే గులిమి ఇంకా లోపలికి పోతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. టీ ట్రీ నూనె అసలే వద్దు, కుక్కలకి అది విషం.

చెవి ఎర్రగా ఉన్నా, ముట్టుకోనివ్వకపోయినా, చీము కనిపించినా, తల ఒక పక్కకి వాల్చి నడుస్తున్నా ఇంట్లో ఏమీ పొయ్యకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కర్ణభేరి చిరిగి ఉంటే మామూలు క్లీనర్ కూడా హాని చేస్తుంది. వెళ్లే ముందు చెవి శుభ్రం చెయ్యకుండా ఉంటే పరీక్షకి ఆ గులిమి దొరుకుతుంది. ఈతకి వెళ్లకపోయినా మళ్లీ మళ్లీ వస్తోందంటే లోపల ఎలర్జీ ఉండొచ్చు, అది అడగండి.

వైజాగ్ వెళ్లినప్పుడు బీచ్‌లో ఆడిస్తే ఉప్పూ ఇసకా పూర్తిగా పోయేదాకా కడగాలి, తాగడానికి మంచినీళ్లు తీసుకెళ్లాలి. దాహానికి సముద్రం నీళ్లు తాగేస్తే వాంతులూ విరేచనాలూ అవుతాయి. కాలవ గట్టు గడ్డిలో పిడుదుల బెడద ఉంది, అందుకే తుడిచేటప్పుడే వేళ్ల సందులూ చెవి మడతలూ వెతుకుతాను. మెడ మీద చుక్కలుగా వేసే పిడుదుల మందు వేశాక రెండు రోజులు, దానికి ముందు రెండు రోజులు నీళ్లలో దించను. వరద నీళ్లు వచ్చినప్పుడూ, నీళ్లు కదలకుండా పచ్చగా నిలిచినప్పుడూ దించను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది మనకీ అంటుకుంటుంది, దాని టీకా ఏటా వేయిస్తున్నాం.

ఇప్పుడు పంచె చేతిలో చూస్తే వాడే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఎడమ చెవి డొప్ప అంచు ఇప్పటికీ కాస్త ముడుచుకునే ఉంది, అది ఇక సాగదన్నారు. నేను ముందు ఆ చెవే ఎత్తి చూస్తాను.