నాన్న లారీ నడిపిన దారి

నాగాలాండ్‌లో దీమాపూర్ నుంచి రాజధాని కొహిమాకు రోడ్డు మీద 74 కిలోమీటర్లు. ఇప్పుడు చాలా చోట్ల వెడల్పు చేశారు గానీ, వానలు పడితే కొండచరియలు విరిగిపడటం మాత్రం ఆగలేదు. 1944లో మా నాన్న ఈ దారిలోనే సైన్యం లారీ నడిపారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, బయటివాళ్ళు ఆ రాష్ట్రంలోకి వెళ్ళడానికి కావలసిన ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని, నేనూ మా అబ్బాయీ సుమోలో బయలుదేరాం.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే ఎవరైనా చెబుతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మా ఊరి మగవాళ్ళు వెళ్ళారు. అరుగుల మీద ఎప్పుడూ ఆ కబుర్లే. నాన్న మాత్రం ఆ మాట రాగానే లేచి వెళ్ళిపోయేవారు. తిరిగొచ్చి బస్సు డ్రైవరయ్యారు, పెళ్ళి చేసుకున్నారు, మా నలుగురినీ చదివించారు. యుద్ధం గురించి మాకు తెలిసింది ఒక్కటే, అదీ అమ్మ చెబితే. హెడ్‌లైట్లు ఆర్పేసి రాత్రిపూట వరుసగా వెళ్తుంటే, ఆయన ముందున్న లారీ మలుపులో లోయలోకి జారిపోయిందట. ఆ డ్రైవరు పేరు అమ్మకు కూడా చెప్పలేదు.

చిన్నప్పుడు తిరుమల వెళ్తే, ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ నాన్న డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ప్రతి మలుపుకూ కుడికాలు నేలకేసి గట్టిగా నొక్కేవారు. కొండ మీదికి చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయేది. రోజూ బస్సు నడిపే మనిషికి ఎందుకంత భయమో మాకు అంతుపట్టేది కాదు. ఇప్పుడు ఈ కొహిమా దారిలో జుబ్జా అనే ఊరు దాటాక ఎదురుగా వచ్చిన లారీకి దారివ్వడానికి మా సుమో అంచుకు జరిగింది. కిటికీలోంచి కిందికి చూస్తే చక్రానికి అవతల నేల లేదు. పట్టపగలు, మంచి బ్రేకులున్న బండిలోనే నా ప్రాణం గొంతులోకి వచ్చింది. ఆయన వానలో, బురదలో, చీకట్లో నడిపారు. అప్పటికి పెళ్ళైనా కాని కుర్రాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో కొహిమా యుద్ధం 1944 ఏప్రిల్ 4న మొదలై జూన్ 22 దాకా సాగింది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటు జపాన్ సైనికులు, ఇటు మనవాళ్ళు, బ్రిటిష్ వాళ్ళు. మధ్యలో ఆ కోర్టు వెడల్పే దూరం. గారిసన్ హిల్ మీది శ్మశానవాటికలో ఆ కోర్టు గీతలు ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి. చుట్టూ మెట్లు మెట్లుగా 1,420 సమాధులు. పైన, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు. మా అబ్బాయి వేలితో ఒక్కొక్క పేరూ చదువుతూ పోయాడు. మేం వెతకాల్సిన పేరు మాకు తెలియదు.

ఇంటికి వెళ్ళినప్పుడు మా గురించి చెప్పండి అని అక్కడ రాతి మీద చెక్కారు. నాన్న ఇంటికి వచ్చారు గానీ చెప్పలేకపోయారు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

మా సుమో డ్రైవరు నాగాల్లో అంగామీ తెగవాడు. ఆ యుద్ధంలో క్షతగాత్రులను వీపున మోసింది, దారి చూపింది ఈ కొండల జనమే. వాళ్ళ ఊళ్ళు తగలబడ్డాయి. వాళ్ళకూ అంత పెద్ద రాయి ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. మా నాన్న ఇక్కడ లారీ నడిపారని హిందీలో చెప్పాను. అతను నా వైపు తిరిగి, మర్నాడు దిగేటప్పుడు పాత రోడ్డు మిగిలిన చోటల్లా ఆపుతానన్నాడు. ఎన్నిసార్లు ఆపినా సరేనన్నాను.