రాహుకాలంలో పెళ్ళి

చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచి వేపేరి ఎంత దూరమని? ఆటోకి రెండు వందల యాభై అట. నేను బేరమాడుతుంటే పెద్దమ్మ అప్పటికే ఎక్కి కూర్చుని పాకెట్ పంచాంగం తిప్పుతోంది. "ఏమే, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. వీళ్ళు పెళ్ళి ఐదింటికి పెట్టారేమిటే!"

కావాలనే పెట్టారని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తమిళనాట నాస్తికోద్యమం నడిపిన పెరియార్ పేరు మీదున్న ఆవరణ, పెరియార్ తిడల్‌లో అడుగు పెట్టగానే ఆగిపోయింది. ఎదురొచ్చిన పెద్దమనుషులంతా నల్ల చొక్కాలు. "పెళ్ళికి నలుపా?" అని నా చెయ్యి గిల్లింది. 1973లో పోయిన పెరియార్‌ని ఖననం చేసింది కూడా ఆ ఆవరణలోనే. అది చెబితే అట్నుంచి అటే రైలెక్కేది.

హోమం లేదు, మేళం లేదు. ఒక బల్ల, రెండు దండలు, ఒక మైకు. పెళ్ళికూతురు, అంటే పెద్దమ్మ మనవరాలు, మైకు అందుకుని తెలుగులో "నిన్ను నా భర్తగా స్వీకరిస్తున్నాను" అంది. అబ్బాయి తన మాట తమిళంలో చెప్పాడు. దండలు మార్చుకున్నారు, అయిపోయింది. పెద్దమ్మ రుమాల్లో మూటగట్టి తెచ్చిన అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి.

పెళ్ళి పది నిమిషాలు, ఉపన్యాసాలు గంటన్నర! ఆకలి దంచేస్తోంది.

"మన పంతులుగారు కూడా మంత్రాలతోనే చేయించారు కదే" అంది మెల్లగా. మాది రాజమండ్రి, పంతులుగారంటే వీరేశలింగం గారే. నిజమే, 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించిన ఆయన, శాస్త్రం ఒప్పుకుంటుందని శాస్త్రంతోనే వాదించారు. 1925లో ఆత్మగౌరవ ఉద్యమం మొదలుపెట్టిన పెరియార్‌కి అసలా శాస్త్రమే అక్కర్లేదు. అందుకే ఈ పెళ్ళిళ్ళు చాలాకాలం కోర్టులో నిలవలేదు. 1967లో తమిళనాట అణ్ణాదురై ప్రభుత్వం చట్టం తెచ్చి, అంతకుముందు జరిగినవాటిని కూడా చెల్లేలా చేసింది. బంధువుల ఎదుట, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఒప్పుకుని, దండలో ఉంగరాలో మార్చుకున్నా చాలు, తాళి కట్టినా చాలు.

ఉపన్యాసాల మధ్య ఇదంతా ఆవిడ చెవిలో ఊదాను. ఆ భాష షరతు నాకు భలే నచ్చింది. నా పెళ్ళిలో పురోహితుడు నాచేత ఏమేం అనిపించాడో ఇప్పటికీ నాకు తెలీదు.

ఫొటోలప్పుడు పెద్దమ్మ గబగబా వేదికెక్కి ఇద్దరి నెత్తినా అక్షింతలు చల్లేసింది. నల్ల చొక్కాలవాళ్ళు నవ్వారంతే.

తిరుగు ఆటో మూడు వందలు. సగం దూరం మాట్లాడలేదు.

"ఏమే, ఆ అబ్బాయికి తెలుగు వచ్చా?"

"ఎందుకు?"

"ఇద్దరికీ అర్థమవ్వాలన్నావుగా. రేపొద్దున ఈ పెళ్ళి చెల్లదంటే?"