రీగాలో మంగళవారం

నాలుగున్నరకే గదంతా వెలుగు. జులైలో ఇక్కడ, లాత్వియా రాజధాని రీగాలో, రాత్రి పది దాటితేగానీ పొద్దు గుంకదు, ఐదు కాకుండానే మళ్ళీ మొహం మీద ఎండ పడుతుంది. ఎనిమిది మంచాల డార్మ్, పలచటి కర్టెన్. మంచానికి 16 యూరోలు. ఇంక నిద్ర రాదని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఈ హాస్టళ్ళలో నాకు బాగా నచ్చేది వంటిల్లే. వెళ్ళిపోయేవాళ్ళు మిగిలిన సరుకులు ఒక అరలో పెట్టి వెళ్తారు, వచ్చినవాళ్ళు వాడుకుంటారు. బియ్యం, ఉప్పు, నూనె అన్నీ నాకు అక్కడే దొరికాయి. రాత్రి వండిన అన్నం కొంచెం మిగిలితే అందులో మజ్జిగలాంటి కెఫీర్ కలిపి, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి నంజుకున్నాను. కెఫీర్ లీటరు డబ్బా ఒకటిన్నర యూరో లోపే. కాస్త పులుపెక్కువ, చద్దన్నంలోకి మాత్రం బ్రహ్మాండం. కడుపు చల్లగా నిండింది, మధ్యాహ్నం దాకా బెంగ లేదు.

ఎనిమిదింటికల్లా సెంట్రల్ మార్కెట్‌కి వెళ్ళాను. రీగాలో ఏం చూడాలని ఎవరు అడిగినా నేను ముందు ఈ మార్కెట్ పేరే చెప్తాను. దౌగవ నది పక్కన వరసగా నాలుగు పెద్ద పెద్ద హాళ్ళు, వాటికి అడ్డంగా ఐదోది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌లు, అంటే గ్యాస్ నింపిన పెద్ద గాలి ఓడలు, పెట్టుకోవడానికి లాత్వియా పడమటి వైపు వైన్యొదె అనే చోట హ్యాంగర్లు కట్టారు. యుద్ధం అయిపోయింది, జెప్పెలిన్లు పోయాయి, హ్యాంగర్లు మిగిలాయి. కొత్తగా పుట్టిన దేశం, చేతిలో డబ్బు తక్కువ. ఆ ఇనప చట్రాలు విప్పి తెచ్చి, కింద గోడలు కట్టి వాటి మీద పైకప్పులుగా నిలబెట్టారు. 1930లో మార్కెట్ తెరిచారు. తొంభై ఏళ్ళు దాటినా దాని కింద జనం కూరగాయలు కొనుక్కుంటూనే ఉన్నారు. నేను తలెత్తి ఆ కప్పు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. బాంబులు వేసే గాలి ఓడల కోసం కట్టినది ఒక ఊరి వంటింటికి పనికొచ్చింది. ఇంత మంచి వాడకం నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్ని హాళ్ళలోకీ వెళ్ళానుగానీ కాకినాడ దాన్ని కదా, కాళ్ళు చేపల హాల్లోనే ఆగిపోయాయి. పచ్చి చేపలకంటే పొగబెట్టిన చేపలే ఎక్కువ. ఆల్డర్ కట్టెల పొగలో మగ్గి, చర్మం బంగారు రంగు తిరిగి, నూనె మెరుస్తూ వరసలుగా పడుకోబెట్టి ఉంటాయి. మా అమ్మమ్మ చూరుకి కట్టే ఎండుచేపలకి వీటికి వాసనలో పోలికే లేదు, పని మాత్రం ఒకటే: దొరికిన రోజున దాచుకుని, దొరకని రోజుల్లో తినడం. తెల్ల ఏప్రాన్ కట్టుకున్న పెద్దావిడ ఒక బ్రీమ్ చేప చూపించింది. అంత వద్దని చేత్తో సైగ చేశాను. ఏమాత్రం విసుక్కోకుండా కత్తి పెట్టి ఎక్కడ కోయాలో నన్నే చూపించమంది. నేను వేలు పెట్టిన చోట కోసి, తూకం వేసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. మూడు యూరోల చిల్లర అయింది. పక్క హాల్లో నల్ల రై రొట్టె కూడా అంతే, మొత్తం కొననక్కర్లేదు, పావు కావాలంటే పావే కోసి ఇస్తారు. బయట బల్లల మీద బ్లూబెర్రీలు, పసుపుపచ్చ అడవి పుట్టగొడుగులు, సోయికూర కట్టలు. ఒక కప్పు బ్లూబెర్రీలు కొని నడుస్తూ తినేశాను.

తక్కువ డబ్బుతో యూరప్ తిరగాలనుకునేవాళ్ళకి బాల్టిక్ దేశాలు ఎందుకు చెప్తానంటే ఇందుకే. ఇక్కడ టూరిస్టుల కోసం విడిగా చౌక బతుకు వెతుక్కోనక్కర్లేదు. ఊరివాళ్ళు కొనే చోటే కొంటాం, ఎక్కే రైలే ఎక్కుతాం. షెంగెన్ వీసా ఒకసారి తీసుకుంటే మూడు దేశాలకీ అదే. మూడింట్లోనూ యూరోలే. ఎస్టోనియా రాజధాని తాలిన్ నుంచి రీగాకి బస్సులో నాలుగున్నర గంటలు, ఇక్కడి నుంచి లిథువేనియా రాజధాని విల్నియస్‌కి సుమారు నాలుగు. ముందుగా బుక్ చేసుకుంటే ఇరవై యూరోల లోపే టికెట్ దొరుకుతుంది. రైళ్ళు తక్కువ. పట్టాలు దాదాపు అన్నీ రష్యా జార్ల కాలం నాటి వెడల్పు కొలతవి, మాస్కో వైపు చూసే లైన్లు. ఇప్పుడు మూడు రాజధానులనీ పోలండ్‌తో కలుపుతూ రైల్ బాల్టికా అని కొత్త లైను వేస్తున్నారు, రీగా స్టేషన్ దగ్గర ఆ పని గట్టిగానే జరుగుతోంది.

పదకొండుకి స్వేచ్ఛా స్తంభం దగ్గరికి నడిచాను. మార్కెట్ నుంచి కాలవ పక్కనే నడిస్తే ఇరవై నిమిషాలు కూడా పట్టదు. 42 మీటర్ల ఎత్తు, పైన రెండు చేతులూ ఎత్తి మూడు బంగారు నక్షత్రాలు పట్టుకున్న అమ్మాయి. ఊళ్ళో అందరూ ఆమెని మిల్డా అంటారు. నక్షత్రాలు కుర్జెమె, విద్జెమె, లాట్గలె అనే మూడు ప్రాంతాలకి గుర్తు. జనం చందాలేసుకుని కట్టుకున్నారు, 1935లో ఆవిష్కరించారు. ఐదేళ్ళకే, 1940లో, సోవియట్ సైన్యం వచ్చింది. మధ్యలో మూడేళ్ళు జర్మన్లు, మళ్ళీ సోవియట్లు, అలా 1991 దాకా. 1941 జూన్ 14న సోవియట్లు పిల్లాపాపలతో సహా పదిహేను వేల మందికి పైగా రైళ్ళెక్కించి సైబీరియా వైపు పంపేశారు. స్తంభాన్ని కూల్చలేదుగానీ, దాని దగ్గర పువ్వులు పెడితే నేరం. 1987లో అదే జూన్ 14న హెల్సింకి-86 అనే చిన్న బృందం పిలుపునిస్తే జనం ధైర్యం చేసి వచ్చి పువ్వులు పెట్టారు. ఇవాళ చూస్తే మెట్ల మీద పువ్వులు పరిచి ఉన్నాయి. ఒక ముసలాయన సైకిల్ దిగి, ఒక గుత్తి పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. పువ్వు పెట్టడం ఇంత మామూలు పని కావడానికి ఎంతమంది ఎంత పోగొట్టుకున్నారో తలుచుకుంటే నాకు గొంతు పట్టేసింది.

అక్కడే బెంచీ మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. తిన్నావా, ఒక్కదానివే ఉన్నావా, రాత్రిపూట తిరగకు. "రాత్రంటూ ఉంటే కదమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేశాక పక్కన సైకిల్ ఆగింది, వీపు మీద ఫుడ్ డెలివరీ బ్యాగు.

"అక్కా, మీది గోదావరి సైడా?"

సూర్యాపేట కుర్రాడు. ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాడు, సెలవుల్లో డెలివరీలు. రీగాలో మనవాళ్ళు చాలామందే చదువుతున్నారు, ఇంజినీరింగ్ కొందరు, మెడిసిన్ కొందరు. ఎండాకాలం ఎంత కష్టపడితే చలికాలం అంత తేలిగ్గా గడుస్తుందట. "డిసెంబర్‌లో రావద్దక్కా, నాలుగు కాకముందే చీకటి పడుతది. మా అమ్మకి వీడియో కాల్ చేస్తే గప్పుడే పండుకుంటున్నవా అంటది" అన్నాడు. నవ్వుతూనే చెప్పాడుగానీ, మొదటి చలికాలం బాగా బెంగపెట్టుకున్నాడని తెలుస్తూనే ఉంది. ఆర్డర్ టైమవుతోందని లేచాడు. బ్యాగులో ఉన్న రెండో కారప్పొడి ప్యాకెట్ తీసి ఇచ్చాను. "వద్దక్కా, మీకుండదు" అన్నాడు. "నేను ఇంకో వారంలో ఇంటికి పోతాను, నువ్వు ఉంచుకో నాన్నా" అన్నాను. తీసుకుని జేబులో కాదు, బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రైలెక్కి యూర్మల బీచ్‌కి. మయోరి స్టేషన్‌కి అరగంట, టికెట్ రెండు యూరోలకి అటూ ఇటూ. దిగి పాత చెక్క ఇళ్ళ మధ్య నుంచి నడిస్తే పైన్ చెట్లు, చెట్లు దాటగానే తెల్లటి మెత్తటి ఇసుక. సముద్రంలోకి నడుస్తూనే ఉన్నా మోకాళ్ళు దాటి నీళ్ళు రావు. చేత్తో తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు దాదాపు లేదు! చుట్టూ ఇన్ని నదులు వచ్చి కలుస్తాయి, బయటి సముద్రంతో కలిసే దారి సన్నం. అందుకని రీగా గల్ఫ్‌లో ఉప్పు మహాసముద్రంలో ఉండేదానిలో ఆరోవంతు కూడా ఉండదు. మా ఊరి బీచ్‌లో మునిగి లేస్తే చెమ్మ ఆరాక ఒళ్ళంతా చిటపటలాడుతుంది, ఇక్కడ చెరువులో స్నానం చేసినట్టే ఒళ్ళు ఆరిపోయింది. ఇసుకలో కూర్చుని రొట్టె మీద చేప పెట్టుకుని తిన్నాను. పొగ వాసన, రై పులుపు, చేప కొవ్వు, వీటికి ఇంకేం అక్కర్లేదు. చుట్టూ ఉన్న కుటుంబాలన్నీ కూడా డబ్బాల్లో ఇంటి తిండే తెచ్చుకున్నాయి.

తొమ్మిదికి హాస్టల్‌కి వచ్చేసరికి ఇంకా ఎండే. రేపు పొద్దున విల్నియస్ బస్సు. టికెట్ చూస్తూ ఫోన్‌లో మ్యాప్ తెరిచాను. ఇక్కడి నుంచి బౌస్క, సరిహద్దు దాటి పనెవెజిస్, తర్వాత విల్నియస్. 1989 ఆగస్టు 23 సాయంత్రం ఏడింటికి, స్వాతంత్ర్యం కావాలని జనం చేతులు పట్టుకుని నిలబడింది ఈ దారి పొడవునే. తాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, ఆరు వందల కిలోమీటర్లకి పైనే. మనకి హైదరాబాద్ నుంచి బెంగళూరు ఉన్న దూరం కంటే ఎక్కువే అది. హిట్లర్, స్టాలిన్ మనుషులు ఈ దేశాలని గుట్టుగా పంచుకున్న ఒప్పందానికి ఆ రోజుతో యాభై ఏళ్ళు. సుమారు ఇరవై లక్షల మంది వచ్చారు. మూడు దేశాల జనాభా కలిపితేనే అప్పటికి ఎనభై లక్షల లోపు. అంటే నలుగురిలో ఒకరు. పావుగంట నిలబడ్డారు. ఎక్కడెక్కడ జనం పలచగా ఉన్నారో రేడియోలో చెప్తుంటే కార్లేసుకుని అక్కడికి పోయి ఖాళీలు నింపారు.

రెండేళ్ళకి మూడు దేశాలకీ స్వాతంత్ర్యం వచ్చింది. 2007 డిసెంబర్‌లో షెంగెన్‌లో చేరాక సరిహద్దుల దగ్గర తనిఖీలు కూడా పోయాయి. మొన్న తాలిన్ నుంచి వస్తుంటే ఎస్టోనియా అయిపోయిందని నాకు ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూశాకే తెలిసింది. బస్సు స్పీడు కూడా తగ్గలేదు. నా చేతిలో ఉన్న ఇరవై యూరోల టికెట్ వెనక ఇంత కథ ఉంది. చౌక ప్రయాణం అని మనం తేలిగ్గా అనేస్తాం.

విల్నియస్ కెథెడ్రల్ స్క్వేర్‌లో, ఆ మనుషుల గొలుసు చివర అని చెప్పే చోట, నేలలో ఒక పలక ఉందట. దాని మీద నిలబడి గుండ్రంగా తిరిగి ఏదైనా కోరుకుంటారట. బస్సు దిగగానే బ్యాగు హాస్టల్‌లో పడేసి ముందు అక్కడికే వెళ్తాను. రొట్టె ముక్క, చేప ముక్క దారికి కట్టుకున్నాను. కెఫీర్ ఇంకో గ్లాసుడు ఉంది, బియ్యంతో పాటు దాన్నీ ఇక్కడే పెట్టేసి, డబ్బా మీద ఇవాళ్టి తేదీ రాసి ఫ్రిజ్‌లో అందరి అరలో ఉంచాను. అలారం ఐదున్నరకి.