ఇంటిపేరు అడగని గది

ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్ల దూరమే గనుక, 2016లో అక్కడ కౌన్సిలింగు గది తెరిచినప్పుడు మావాళ్లు దాన్ని వలస అనుకోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి బరంపురం అటు చేరినా ఇళ్లలో తెలుగు నిలిచింది కాబట్టి, తెలుగువాళ్లే ముందుగా వస్తారని నేనూ నమ్మాను. తీరా మొదటి ఆరు నెలల్లో వచ్చినవారంతా దాదాపు ఒడియావాళ్లే. నా ఒడియా తడబడుతున్నా, పరాయిదాన్ని కావడం వల్లనే వాళ్లు నాతో మనసు విప్పి మాట్లాడేవారు.

కారణం ఒక తెలుగు పెద్దావిడ వల్ల తెలిసింది (ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను). ఆవిడ మూడు వారాలు నాతో ఒడియాలోనే మాట్లాడింది. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని తప్ప మరో మాట రాలేదు. నాలుగో వారం వెళ్లిపోతూ, చెప్పుల్లో కాళ్లు పెట్టి, తలుపు పట్టుకుని నిలబడి, "మీదే ఊరమ్మా? ఇంటిపేరేటి?" అని అడిగింది. ఆ రెండు ప్రశ్నలతో చుట్టరికం బయటపడడానికి మనలో ఐదు నిమిషాలు చాలు. తెలుగులో చెప్పుకున్న బాధ పలాసలో ఏ పెళ్లిపందిట్లోనో మళ్లీ వినిపిస్తుందన్నదే ఆవిడ భయం.

అప్పటి నుంచి నా నమోదు పుస్తకంలో ఇంటిపేర్లు, ఊళ్లు లేవు. మెట్ల మీద తోడికోడళ్లు ఎదురుపడకుండా, ఒకరు వెళ్లాక ఇరవై నిమిషాలు ఖాళీగా ఉంచుతాను. బంధువులను, వాళ్ల వియ్యాలవారిని వేరొకరి దగ్గరకు పంపుతాను. అందువల్ల రాబడి తగ్గింది, మా మేనత్తకు కోపమూ వచ్చింది, అయినా మార్చుకోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యతను హక్కుగా ఇచ్చిందని, ప్రాణాపాయం వంటి సందర్భాల్లోనే మినహాయింపు ఉంటుందని మొదటి రోజే రెండు భాషల్లోనూ వివరిస్తాను. మందులు అవసరమనిపిస్తే ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతాను, రాత్రివేళ ఆదుకోవడానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ నంబరు 14416 చీటీ మీద రాసిస్తాను.

ఆ రోజు పెద్దావిడకు ఊరు చెప్పి, ఇంటిపేరు చెప్పకుండా, "మీరూ చెప్పక్కర్లేదమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు నన్నే చూసి, చెప్పులు విప్పి, వచ్చి కూర్చుంది. సూరత్ మగ్గాల దగ్గర పనిచేసే కొడుకు ఫోను చేసి ఏడాదైందని తెలుగులో మొదలుపెట్టింది.