పాత చెక్కపని మిషన్లు: కొనే ముందు చూడవలసింది పోత ఇనుము

పాత చెక్కపని మిషన్ అమ్మకానికి ఉందని తెలిసినప్పుడు అమ్మేవారిని నేను ముందుగా కోరేది ఒక్కటే: నేను వచ్చేదాకా దాన్ని నడపవద్దని. మోటారు మొదటి స్విచ్‌కే అందుకుంటుందా, లేక మూలుగుతూ నిలబడిపోయి చేత్తో తిప్పితే గానీ కదలదా అన్నది మిషన్ చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. అరగంట ముందే నడిపి ఉంచితే గ్రీజు వేడెక్కి పల్చబడి, అరిగిన బేరింగు చేసే చప్పుడు కూడా కొంత సర్దుకుంటుంది.

మూతపడిన కార్ఖానాల సామాను, పని మానుకున్న వడ్రంగుల సామాను, వేలంలో వరుసగా నిలబెట్టిన మిషన్లు ఎన్నో చూశాక నాలో స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, పాత మిషన్‌లో మనం నిజంగా డబ్బు పెట్టేది దాని పోత ఇనుము మీద. బల్ల చదునుగా ఉండి, ఇరుసు వంగకుండా ఉండి, పోతలో పగులు లేకపోతే మిగిలినవన్నీ మార్చుకోవచ్చు. బేరింగులనే తీసుకుందాం. 6204 అన్న సంఖ్య ఏ కంపెనీ బేరింగు మీద ఉన్నా దాని లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. సంఖ్య చివరి రెండంకెలు 04 గానీ అంతకు మించి గానీ ఉంటే వాటిని అయిదుతో గుణించగానే ఇరుసు కొలత వచ్చేస్తుంది. అందుకే యాభై ఏళ్ల నాటి మిషన్‌కు కూడా కొత్త బేరింగు సులభంగా దొరుకుతుంది. వి-బెల్టులూ అంతే. మరీ పాత మిషన్లలో బేరింగుకు బదులు తగరం, ఆంటిమొని, రాగి కలిపిన మెత్తని లోహాన్ని కరిగించి ఇరుసు చుట్టూ పోసేవారు. 1839లో ఐజాక్ బాబిట్ ప్రవేశపెట్టిన ఆ పద్ధతికి ఆయన పేరే నిలిచింది. నూనె అందుతున్నంత కాలం అవి దశాబ్దాల పాటు నడుస్తాయి గానీ, అరిగితే మళ్లీ పోయడం తెలిసినవారు కావాలి కాబట్టి మొదటిసారి కొనేవారు వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పోత ఇనుము విలువ నాకు తెలిసింది ఒక నష్టం వల్లనే. కొన్నేళ్ల క్రితం చెక్కను చదును చేసే రందా మిషన్ ఒకటి కొన్నాను. కొత్తగా రంగు వేసి, బల్ల మీద నూనె పూసి, చూడగానే ముచ్చటపడేలా నిలబెట్టారు. ఇంటికి తెచ్చి రెండు నెలలు వాడాక, ముందు బల్ల ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ జారుతూ ఉండటం చూసి, అడుగు భాగంలో రంగు గీకాను. బల్ల ఎక్కి దిగే వాలుగాడి పక్కన లప్పం కింద జానెడు పొడవున పగులు కనబడింది. పోత ఇనుమును అతకడం మామూలు ఇనుమును అతికినట్టు కుదరదు. ముందుగా బాగా వేడిచేసి, అతికాక నిదానంగా చల్లారనివ్వకపోతే అతుకు పక్కనే ఇంకో పగులు పుడుతుంది. ఆ మిషన్ చివరకు విడిభాగాలకే పనికొచ్చింది. అప్పటి నుంచి తాజా రంగు కనిపిస్తే బల్ల కింద, కాళ్లు కలిసే చోట, బోల్టు రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూస్తాను. ఆ తరువాత చిన్న సుత్తితో మెల్లగా తడతాను. పగులు లేని పోత గంటలా ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. తుప్పు నన్ను అంతగా భయపెట్టదు. పైపైన పట్టిన ఎర్రటి తుప్పు కిరసనాయిలుతో, గరుకు కాగితంతో ఒక పూటలో పోతుంది. గుంటలు పడేంతగా తిన్న తుప్పు అయితే ఆలోచించాలి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

రందా మిషన్ చూసేటప్పుడు నా సంచిలో తప్పకుండా ఉండేవి తిన్నని అంచున్న మీటరు పొడవైన బద్ద, నాలుగు తెల్ల కాగితం ముక్కలు. ప్రింటరులో వాడే మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. కత్తులు బిగించి తిరిగే తలకు ముందూ వెనుకా ఉండే రెండు బల్లలను ఒకే ఎత్తుకు తెచ్చి, బద్దను వాటి మీద పొడవునా, తరువాత ఈ మూల నుంచి ఆ మూలకు ఆనించి, కాగితం ముక్కలను దాని కింద అక్కడక్కడా దూర్చి లాగుతాను. అన్నిచోట్లా కాగితం బిగుసుకుంటే బల్లలు ఒకే తలంలో ఉన్నట్టు. చివర్లలో బిగుసుకుని మధ్యలో వదులుగా జారిపోతే బల్లల కొసలు పైకి లేచి ఉన్నట్టు. మధ్యలో బిగుసుకుని చివర్లలో వదిలేస్తే కొసలు కిందికి వాలినట్టు. వాలిన బల్లను గాడిలో పలుచని రేకు పెట్టి లేపవచ్చు, కానీ బల్ల తనంతట తాను మెలి తిరిగి ఉంటే మిషన్ మీద పెట్టి మళ్లీ చదును చేయించక తప్పదు. ఆ మెలిని పట్టుకోవడానికి ఒకే మందం ఉన్న రెండు తిన్నని కర్రలను బల్లకు అడ్డంగా, ఒకటి ఇటు చివర, ఒకటి అటు చివర పెట్టి, కన్ను వాటి ఎత్తుకు దించి చూస్తే చాలు. కర్రలు బల్ల వెడల్పు కంటే ఎంత పొడవుగా ఉంటే మెలి అంత స్పష్టంగా కనబడుతుంది.

ఇక కత్తుల తల. అది నలుచదరంగా ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. నలుచదరపు తలకూ బల్లకూ మధ్య పెద్ద సందు ఉంటుంది, చెయ్యి జారితే లోపలికి లాగేసుకుంటుంది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో గుండ్రని తల దాని స్థానంలోకి వచ్చింది అందుకే.

తరువాత మిషన్‌ను నడిపించమంటాను. నడుస్తున్నప్పటి కంటే ఆపేసిన తరువాతే ఎక్కువ శ్రద్ధగా వింటాను. స్విచ్ ఆపగానే మోటారు గుంయ్ మనే చప్పుడు పోయి, ఇరుసు ఒక్కటే తన వేగంతో తిరుగుతూ ఉంటుంది. బేరింగు బాగుంటే గాలి చప్పుడు తప్ప మరేదీ వినబడదు. ఇసుక నలిగినట్టు గరగర వినిపిస్తే బేరింగులు మార్చాలి, టక్ టక్ మని లెక్కపెట్టినట్టు కొడితే కప్పీ వదులైందో, బెల్టు ఒకేచోట గట్టిపడిందో చూడాలి. వీటిలో ఏదీ బేరం వదులుకోవలసిన లోపం కాదు. ధర తగ్గించమని అడగడానికి మాత్రం తగిన కారణమే.

మూడు ఫేజుల మోటారు ఉందని చాలామంది వెనక్కి తగ్గుతారు. నా దృష్టిలో అది భయపడవలసిన విషయం కాదు. ఇళ్లలో ఉండే ఒక ఫేజు కరెంటును తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే ఫ్రీక్వెన్సీ డ్రైవులు చిన్న మోటార్లకు సులభంగా దొరుకుతున్నాయి. మోటారు పలక మీద 230/400 అని రెండు వోల్టేజీలు ఉన్నాయేమో చూసి, మూత విప్పి, లోపల ఆరు తీగ కొసలు ఉన్నాయో లేవో లెక్కపెట్టాలి. ఆరు ఉంటే డెల్టాగా, అంటే మూడు వైండింగులనూ త్రికోణంలా ఒకదాని కొసకు ఒకటి కలిపి 230 వోల్టులకు నడపవచ్చు. మూడే ఉంటే మిగిలినవి వైండింగు లోపలే ముడిపడి ఉండవచ్చు, అప్పుడు పని పెరుగుతుంది. పలక మీది హెర్ట్జ్ కూడా చదవాలి. 60 హెర్ట్జ్ మోటారును 50 మీద నడిపితే వేగం ఆరో వంతు తగ్గుతుంది.

కోత మిషన్‌లో రంపపు బిళ్ల ఇరుసును వేలితో పైకీ కిందికీ ఆడించి చూస్తాను. ఆ ఇరుసు వ్యాసం 25.4, 30, 15.88 మిల్లీమీటర్లలో ఏదో కొలవకపోతే తరువాత బిళ్లలు కొనేటప్పుడు ఇబ్బంది పడతాం. బిళ్ల వెనుక నిలబడి, కోసిన చెక్క బిళ్లను నొక్కకుండా కాపాడే పలక ఉందో లేదో తప్పక చూడండి. చాలా పాత మిషన్లలో దాన్ని ఎప్పుడో విప్పి పారేసి ఉంటారు. రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం, అంటే బ్యాండ్ సాలో చక్రాల మీది రబ్బరు, పై చక్రాన్ని మోసే కీలు చూస్తే సగం పని అయినట్టే. తరిమెన మిషన్ (లేత్) అయితే రెండు మొనలనూ దగ్గరకు తెచ్చి, అవి ఎదురెదురుగా కలుస్తున్నాయో లేదో చూస్తాను.

తీసుకెళ్లేటప్పుడు మిషన్‌ను బల్ల పట్టుకుని ఎత్తకూడదు. బల్లలను ఎంతో ఓపికగా సరిచేసినవారి శ్రమ అంతా ఆ ఒక్క ఎత్తుతో పోతుంది. అడుగు పోతకు పట్టీలు వేయాలి, నేల మీద ఇనుప గొట్టాల మీద దొర్లించాలి.

బయలుదేరే ముందు నేను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "దీనికి సంబంధించిన డబ్బా ఏదైనా ఉందా అండీ?" కాలం చేసిన ఒక వడ్రంగి సామాను అమ్ముతున్న ఆయన కుమారుణ్ణి అలాగే అడిగితే, అటక మీద నుంచి తుప్పుపట్టిన రేకు డబ్బా దించారు. అందులో కత్తులు బిగించే తాళపుచెవి, విడి కత్తులు మూడు, చెక్కను పక్కన ఆనించే కంచెకు ఉండవలసిన మర, వాటితో పాటు అరచేతిలో పట్టేంత టేకు బద్ద ఒకటి ఉన్నాయి. బద్ద మీద నాలుగు మిల్లీమీటర్ల దూరంలో రెండు పెన్సిలు గీతలు ఉన్నాయి. వాటిని చూడగానే అర్థమైంది. బద్దను వెనుక బల్ల మీద ఆనించి తలను చేత్తో తిప్పితే, కత్తి మొన దాన్ని పట్టుకుని కాస్త ముందుకు జరుపుతుంది. ప్రతి కత్తీ ఒక గీత నుంచి రెండో గీత దాకా, అంతే దూరం జరిపితే కత్తులన్నీ ఒకే ఎత్తులో ఉన్నట్టు. గీతలు ఎన్నోసార్లు దిద్దినట్టు నల్లగా, లోతుగా ఉన్నాయి. ఆ మిషన్ కత్తులను నేను ఇప్పటికీ ఆ బద్దతోనే అమర్చుకుంటున్నాను.