ఆనంద్‌గఢ్ బావి మెట్ల మీద

నిజామాబాద్ వాళ్లకి నాందేడ్ పరాయి ఊరు కాదు. మా ఇంట్లో ఎవరో ఒకరు అక్కడి హుజూర్ సాహిబ్ గురుద్వారాకి వెళ్లొస్తూనే ఉంటారు. సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. "ఆయన పోయిన చోటు ఇన్నిసార్లు చూశాం, ఆయన కట్టిన కోటలు చూడొద్దా?" అని అక్క ఏళ్లుగా అంటోంది. పోయిన డిసెంబరులో ఇద్దరం నాందేడ్‌లో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. దారిలో సేవ చేసేవాళ్లు స్టేషన్‌లోనే లంగర్, అంటే ఉచిత భోజనం, వడ్డించారు. అంబాలాలో దిగి, రోపర్ మీదుగా బస్సులో, ఆ కోటలున్న పంజాబు ఊరు ఆనంద్‌పూర్ సాహిబ్ చేరేసరికి బాగా పొద్దుపోయింది.

తెల్లారి చూస్తే నేను ఊహించుకున్న కోట ఎక్కడా లేదు. గోల్కొండ, బీదర్ చూసిన కళ్లు కదా, బురుజుల కోసం వెతికాయి. ఇక్కడ కనిపించేవి తెల్లటి గురుద్వారాలు. 1665లో గోబింద్ సింగ్ తండ్రి, తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ ఈ ఊరికి పునాది వేసి, తల్లి నానకీ పేరు మీద చక్ నానకీ అన్నారు. 1675లో ఔరంగజేబు ఆయన్ని ఢిల్లీలో చంపించాడు. భాయీ జైతా ఆ శిరస్సును దాచి ఇక్కడికే తెచ్చాడు. అప్పటికి గోబింద్ రాయ్ (గోబింద్ సింగ్ మొదటి పేరు అదే) ఇంకా పిల్లవాడు. పెద్దయ్యాక, కొండ రాజులతో భంగాణీ యుద్ధం ముగిశాక, ఆయన ఊరి చుట్టూ ఆనంద్‌గఢ్, లోహ్‌గఢ్, హోల్‌గఢ్, ఫతేగఢ్, కేశ్‌గఢ్ కోటలు కట్టించారు. లోహ్‌గఢ్‌లో ఆయుధాలు తయారయ్యేవి.

కేశ్‌గఢ్‌లో 1699 వైశాఖి పండగ రోజున గురువు తల ఇచ్చేవాళ్లెవరని అడిగితే లేచి నిలబడిన అయిదుగురిలో సాహిబ్ చంద్‌ది బీదర్. మన జహీరాబాద్ పక్కనే ఉన్న ఊరి మంగలి ఆయన. ఆ పేరు విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మేం ఎక్కువసేపు ఉన్నది మాత్రం ఆనంద్‌గఢ్‌లో. లోపల దిగుడుబావి ఉంది, బావోలీ అంటారు. మెట్లు దిగుతుంటే పైనున్న సందడి తగ్గిపోయి, చల్లటి గాలి తగులుతుంది. చివరి మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. గోడల కంటే నీళ్లే కోటను నిలబెడతాయని అక్కడ అర్థమైంది. ఇక్కడి యుద్ధాల్లోనే భాయీ కన్హయ్య తోలుసంచితో నీళ్లు మోశాడు. గాయపడ్డ శత్రువులకి కూడా పోస్తున్నాడని ఫిర్యాదు వస్తే, నాకు అందరిలోనూ మీరే కనిపిస్తున్నారు అన్నాడట. గురువు కోప్పడలేదు, గాయాలకి మందు కూడా ఇచ్చి పంపారు.

1704లో మొగలు సేనలు, కొండ రాజులు కలిసి నెలల తరబడి ముట్టడించారు. లోపల తిండి అయిపోయింది. నలభై మంది శిష్యులు, ఇక మీరు మాకు గురువు కాదు అని రాసిచ్చి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. వాళ్లే తర్వాత ఖిద్రానా దగ్గర పోరాడి ప్రాణాలిచ్చారు. గురువు ఆ కాగితం చించేశారు. అందుకే ఆ చోటు ముక్త్‌సర్, అంటే ముక్తి సరస్సు, అయింది.

కోట వదిలి వస్తే మిమ్మల్ని ఏమీ చేయం అని ముట్టడించినవాళ్లు గోవు మీద, ఖురాన్ మీద ప్రమాణాలు చేశారు. గురువు నమ్మలేదు. చింకి గుడ్డలు, పాత చెప్పులు మూటలు కట్టించి, పైన జరీ బట్ట కప్పి ఎడ్ల మీద పంపారని చెబుతారు. ధనమనుకుని దోచుకున్నారు. అయినా ఆకలికి తాళలేక డిసెంబరు రాత్రి కోట ఖాళీ చేయాల్సి వచ్చింది. వెంటనే వెనక నుంచి దాడి జరిగింది.

మేమూ ఆ దారినే సర్సా ఏరు దగ్గరికి వెళ్లాం. ఆ రాత్రి పొంగిన ఈ ఏట్లోనే ఎందరో కొట్టుకుపోయారు, రాసుకున్న గ్రంథాలు మునిగిపోయాయి, కుటుంబం చెల్లాచెదురైంది. గురువు పెద్ద కొడుకులిద్దరూ చమ్‌కౌర్‌లో పోరాడి చనిపోయారు. చిన్నవాళ్లిద్దరినీ సర్హింద్‌లో చంపేశారు. ఆ బాధతోనే పంజాబులో ఇప్పటికీ ఆ రోజుల్లో కొందరు నేల మీదే పడుకుంటారు. విడిపోయిన చోట ఇప్పుడు పరివార్ విఛోడా గురుద్వారా ఉంది.

మేం చూసినప్పుడు ఏట్లో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. అక్క కొంగు తల మీద కప్పుకుని ఒడ్డున కూర్చుంది. బస్సు టైమ్ అయిందన్నా లేవలేదు. పోతే పోయిందిలే అని నేనూ పక్కనే కూర్చున్నాను.