1943 మద్రాసులో కుదురుకోవడం: నా అనుభవం

ఎలా వెళ్ళాను, ఎవరు పంపారు అన్నవి ఒప్పందం ప్రకారం చెప్పకూడదు. చెప్పినా ఆ భాగంలో పెద్దగా ఏమీ లేదు. కళ్ళు తిరగడం, వాంతి, అంతే. దిగాక అక్కడి మనిషిగా చలామణీ కావడమే అసలు పని. ముందుగా చదువుకుని వెళ్దామంటే నాకు దాని గురించి ఎక్కడా ఏమీ దొరకలేదు. తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఊరు తెలుసన్న ధైర్యం మొదట్లో గట్టిగానే ఉండేది. షోళింగనల్లూరులో ఉద్యోగం, చెన్నైలో చాలా ఏళ్ళ కాపురం. 1943 ఆగస్టు చివర్లో సెంట్రల్ స్టేషన్ ముందు నిలబడితే స్టేషన్ అదే, రిప్పన్ బిల్డింగూ అదే. పక్కనే మూర్ మార్కెట్ కిటకిటలాడుతోంది. మనకది 1985లో తగలబడిన పాత ముచ్చట. దాని ముందే ఒకాయన నాకు పాత పుస్తకం అమ్మబోయాడు. ట్రాము గంట కొట్టుకుంటూ వస్తుంటే పక్కకి తప్పుకోవాలని కూడా తోచలేదు.

ముందుగా నన్ను గందరగోళపెట్టింది గడియారం. ఆ రోజుల్లో మద్రాసులో ఆరు గంటలకి తెల్లారాలి. అక్కడ ఏడవుతున్నా సూర్యుడు పైకి రాలేదు. యుద్ధం కోసం 1942 సెప్టెంబరు నుంచి దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుందని అడిగితే తెలిసింది. 1945 అక్టోబరు దాకా అదే టైము. అరుగు మీది ముసలివాళ్ళు మాత్రం దేనికైనా "పాత టైమా, కొత్త టైమా?" అని అడిగేవారు. ఈ గొడవ నాకు మంచిదే అయింది. గంట తప్పు చెప్పినా ఎవరూ అనుమానించలేదు.

డబ్బు సంగతి ముందే చూసుకున్నాను. పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర వెండి రూపాయలు పోగుచేసుకుని తీసుకెళ్ళాను. అక్కడ ఒక జాగ్రత్త ఉంది. విక్టోరియా రాణి బొమ్మ రూపాయలు 1941 ఏప్రిల్ నుంచే చెల్లవు, ప్రభుత్వం వెండిని వెనక్కి లాక్కుంటోంది. వాటిని కొట్లో ఇవ్వకుండా షావుకారుపేటలో షరాబు దగ్గర తూకానికి అమ్ముకోవాలి. రూపాయి బరువు తులం కాబట్టి బేరం తేలిక. రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు, కాణీకి మూడు పైలు. ఈ లెక్క కాగితం మీద సులువే గాని బేడ, పావలా, ముప్పావలా నోట్లో తిరగడానికి చాలా రోజులు పట్టింది. రాగి కలిసొస్తుందని ఆ ఏడాదే మధ్యలో చిల్లు పెట్టిన కాణీలు తెచ్చారు. చిల్లర కరువు ఎంతంటే, కాఫీ హోటలాయన మిగిలిన అర్ధణా ఇవ్వకుండా "రేపటి కాఫీకి జమ" అనేవాడు. నాకు అదొక పరపతిలా పనికొచ్చింది. రేపు కూడా వస్తాననే నమ్మకం ఆయనకు కలిగిందన్నమాట.

ఇక అసలు చిక్కు. మన దగ్గర ఎక్కడికెళ్ళినా ముందు ఆధార్ అడుగుతారు. అక్కడ నన్ను ఎవరూ కాగితం అడగలేదు. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరబ్బాయివి, మద్రాసులో మీవాళ్ళెవరు అని అడిగారు. నాలుగో ప్రశ్న దగ్గర గొంతు తడారిపోయేది. ఆధార్ అయితే దొంగది చేయించుకోవచ్చు, మేనమామని ఎక్కడ చేయించుకుంటాం?

రాజమండ్రి వైపు అని నిజం చెబితే ఇంకా కష్టం. అప్పటికి కోస్తా, రాయలసీమ అన్నీ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. హైకోర్టు దావాకో, కాలేజీ సీటుకో, పెద్దాసుపత్రికో మనవాళ్ళు నిత్యం దిగుతూనే ఉంటారు. ఊరి పేరు చెప్పగానే "అయితే కరణంగారు తెలుసా?" అంటారు. తెలియదంటే మనం దొంగ. తెలుసంటే మరీ ప్రమాదం, ఆ కరణంగారు రెండు వీధుల అవతల బావమరిది ఇంట్లోనే దిగి ఉండవచ్చు.

అందుకే బర్మా నుంచి వచ్చిన కాందిశీకుణ్ణని చెప్పాలని బయల్దేరకముందే నిర్ణయించుకున్నాను. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, మార్చికల్లా ఊరు జపాను చేతికి పోయింది. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనికెళ్ళిన మన తెలుగువాళ్ళతో సహా లక్షల మంది ఇటు పరుగెత్తారు. కొందరు ఓడలెక్కి మద్రాసు, విశాఖ, కలకత్తా చేరారు. మిగిలినవాళ్ళు సరిహద్దులోని తము అనే ఊరి మీదుగా కొండలు దాటి మణిపూరుకి నడిచొచ్చారు. యాస తేడాగా ఉండటానికి, చేతిలో కాగితం లేకపోవడానికి, నా అన్నవాళ్ళు లేకపోవడానికి, అందరికీ తెలిసిన విషయాలు తెలియకపోవడానికి అన్నిటికీ అదే జవాబు.

జవాబు పనిచేసింది. కానీ ఆ జవాబు నిజంగా అనుభవించినవాళ్ళ ఇళ్ళు మద్రాసు నిండా ఉన్నాయి. చింతాద్రిపేటలో ఒక రైల్వే గుమాస్తాగారి ఇంట్లో వెనక గది ఖాళీ ఉందంటే వెళ్ళాను. ఆయన భార్య ముందు తలుపు చాటునుంచే మాట్లాడారు. రంగూన్ మాట వినగానే బయటికి వచ్చేశారు.

"ఓడ మీద వచ్చావా బాబూ, నడిచి వచ్చావా?"

"నడిచే వచ్చానండీ."

"తోవలో ఎక్కడైనా మా తమ్ముడు కనిపించాడేమో. పొడుగ్గా ఉంటాడు. మిల్లులో లెక్కలు రాసేవాడు. కిందటేడు మాఘమాసం తర్వాత ఉత్తరం లేదు."

"నేను మౌల్మేన్‌లో ఉండేవాణ్ణండీ. రంగూన్‌లో ఎవరూ తెలియదు."

అది ముందే సిద్ధం చేసుకున్న మాట. అబద్ధం ఎలాగూ తప్పదు, కనీసం ఎవరికీ ఆశ పెట్టకూడదు, ఉన్న ఆశ తీసేయకూడదు అని నియమం పెట్టుకున్నాను. చూశానని గాని, పోయాడని గాని ఎప్పుడూ అనలేదు. ఆవిడ వదల్లేదు. వారం పది రోజులకోసారి ఆ తోవ గురించి అడిగేవారు. జలగలు, కలరా, వానకి జారే కొండ, అస్సాం తేయాకు తోటల కూలీలు బాట వేసి గంజి కాచి పోయడం, ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవి. వాటిని చూసినట్టు చెబుతుంటే ఆవిడ ప్రతి వాక్యంలోనూ తమ్ముణ్ణి వెతుక్కునేవారు. అక్కడ నేను పడ్డ కష్టాల్లో మొదటిది ఇదే. ఈ జవాబు ఎంచుకునేవాళ్ళు ఇది కూడా ఓర్చుకోగలరో లేదో ముందే ఆలోచించుకోండి.

కులం కూడా అడిగారు, సూటిగానే. భోజన హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే గది, బోర్డు రాసి మరీ. అద్దె గదికీ అదే ప్రశ్న. నాది ఏదో అదే చెప్పాను. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, కొన్ని తెరుచుకోలేదు. అసలు ఈ ప్రయాణం మొదట మరొకరికి ఇచ్చారు. "ఏ కులం అంటే నేనేం చెప్పాలి?" అని అతను వద్దన్నాడు. రోజూ తెల్లవారుజామున సందులోంచి వచ్చి మరుగుదొడ్డి బాగుచేసి వెళ్ళే మనిషి పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదని గమనించాక, అతను వద్దనడం నాకు వింతగా అనిపించలేదు. మన చెన్నైలో ఇల్లు వెతికినప్పుడు నన్ను "వెజ్జా, నాన్‌వెజ్జా?" అని అడిగారు. ప్రశ్న కాస్త మర్యాద నేర్చుకుంది, అంతే.

ఆ ఏడాదే నగరంలో బియ్యం రేషన్ పెట్టారు. బర్మా బియ్యం ఆగిపోయింది మరి. పేర్లు రాసుకోవడానికి గుమాస్తా ఒకడు ఇంటికొచ్చి, నన్ను చూసి, "ఈ అబ్బాయి మీకేమవుతాడమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "మా తమ్ముడి కొడుకు. రంగూన్ నుంచి వచ్చాడు" అన్నారు. ఆ తమ్ముడికీ నాకూ పదేళ్ళ తేడా ఉంటుందేమో. గుమాస్తా ఆ లెక్క చూడలేదు. కార్డు మీద నా పేరు ఎక్కింది. వీధిలో నన్ను ఎవరి తాలూకు అని అడగడం ఆ రోజుతో ఆగిపోయింది. ఆవిడ అత్తయ్యగారయ్యారు, ఆయన మావయ్యగారయ్యారు.

మేనల్లుడైతే పనులు కూడా ఉంటాయి. రేషన్ కొట్టు ముందు క్యూ నాది. కట్టెల అడితికి వెళ్ళడం నాది. మొదటిసారి వెళ్ళినప్పుడు అడితి ఆయన "శ్రీహరికోట కట్టె, బాగా మండుతుంది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ దీవి అడవుల్లో కొట్టిన కట్టె బకింగ్‌హాం కాలవలో పడవలెక్కి బేసిన్ బ్రిడ్జి దగ్గర దిగేది, మద్రాసు పొయ్యిల్లో సగం దాంతోనే మండేవేమో. అక్కడినుంచి రాకెట్లు ఎగరడానికి ఇంకా చాలా ఏళ్ళుంది. ఎందుకు నవ్వుతున్నావంటే ఏమని చెప్పను? కట్టె తడిగా ఉందని బేరమాడాను.

ఆరోగ్యం గురించి ఒక్క మాట. మశూచి టీకా మనకి దొరకదు. దేశంలో ఆఖరి కేసులు 1975లో వచ్చాయి, ఆ తర్వాత టీకా ఆపేశారు. అక్కడ మాత్రం అమ్మవారు పోయడం ఏటా ఉండేదే. నా ఎడమ భుజం మీద మచ్చ చూసి కార్పొరేషన్ టీకాలవాడు తృప్తిపడి వెళ్ళిపోబోయాడు. అది క్షయకి వేసే బీసీజీ మచ్చ. మన దేశంలో ఆ టీకా 1948లో గాని మొదలవదు, అదీ మదనపల్లెలో, ఢిల్లీలో. "చిన్నప్పటిది, మళ్ళీ వేయండి" అని బతిమాలి వేయించుకున్నాను. మందు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైంది. చెయ్యి వాచి, జ్వరం వచ్చి, మూడు రోజులు చారన్నం. ఎవరూ బతిమాలి టీకా వేయించుకోవడం అతను అదివరకు చూసినట్టు లేదు.

పని ఒక తెలుగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. తప్పులు పట్టే కన్ను నాకుంది గాని అరసున్నలు, బండి ఱలు ఎక్కడ ఉండాలో తెలియదు. కంపోజిటర్లకి అవి కంఠతా వచ్చు. ఒత్తులు విడిగా ఏరుకుని పేర్చే ఆ వేళ్ళ వేగం చూస్తే ఫోన్లో తెలుగు కొట్టేవాళ్ళం తల దించుకోవాలి. పొరపాటు చేసినప్పుడల్లా "బర్మా చదువు" అని నవ్వి వదిలేసేవారు. జీతం గది అద్దెకి, టిఫిన్లకి సరిపోయేది.

చరిత్ర తెలియడం వల్ల ఏమైనా లాభం ఉందా అని అందరూ అడుగుతున్నారు. అక్టోబరులో వరసగా వానలు కురిసి కూవం వీధుల్లోకి వచ్చింది. 2015 డిసెంబరు చూసినవాణ్ణి కాబట్టి బియ్యం మూట ముందే అటక మీద పెట్టించాను, అంతే. ఆ వానల్లోనే ఒక రాత్రి జపాను విమానం వచ్చి రేవు వైపు బాంబులు వేసి పోయింది. అది జరుగుతుందని నాకు తెలుసు. ఆరుబయట పడుకోవద్దని అత్తయ్యగారికి చెప్పాను. ఆ వానలో బయట ఎవరు పడుకుంటారని ఆవిడ నన్ను విచిత్రంగా చూశారు.

చరిత్ర కంటే పనికొచ్చింది వినడం. 1942 ఏప్రిల్లో విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాక మద్రాసు సగం ఖాళీ అయింది. పీపుల్స్ పార్కు జూలో సింహాల్నీ పులుల్నీ తప్పించుకుంటాయనే భయంతో కాల్చేశారు. ఏ బండి ఎక్కి ఏ ఊరు పారిపోయారో, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏం పోయిందో చెప్పుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఒకరు సిద్ధంగా ఉండేవారు. "అప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగితే చాలు, గంటసేపు మన సంగతి ఎవరూ ఎత్తరు.

సాయంత్రాలు అరుగు మీద ఆంధ్రపత్రికో ఆంధ్రప్రభో ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు. చర్చ చివరికి ఆంధ్ర రాష్ట్రం దగ్గర తేలేది. "రాష్ట్రం వస్తుంది, రాజధాని మద్రాసే, అందులో సందేహమేముంది?" అనేవారు ఎదురింటి ప్లీడరుగారు. పదేళ్ళలో ఇదే ఊళ్ళో మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణం విడుస్తారని, 1953లో రాష్ట్రం వచ్చినా మద్రాసు రాదని, కర్నూలు, తర్వాత హైదరాబాదు అని ఆయనకెలా చెప్పను? ఒకసారి "నువ్వేమంటావోయ్ రంగూన్ అబ్బాయ్, మన రాజధాని ఏది?" అని నన్నే అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ ఆంధ్రావాణ్ణి ఎవర్నీ అడక్కూడదు. నవ్వి ఊరుకున్నాను.

ఏడాది దాటాక మావయ్యగారు ఒక రోజు ట్రాము దిగి వస్తూనే నా గోత్రం అడిగారు. ప్రెస్సు జీతం స్థిరమే కదా అని కూడా అడిగారు. నెల్లూరు సంబంధం ఒకటుందట, పిల్ల ఎనిమిదో తరగతి దాకా చదివిందట. అత్తయ్యగారు అప్పటికే జాతకం లేకపోతే పేరు బలం చూడొచ్చని తేల్చేశారు. కాగితాలు లేని మనిషిని ఆ ఊరు అన్నం పెట్టి నిలబెట్టుకుంటుంది. కానీ పెళ్ళి లేకుండా ఎక్కువ కాలం ఉండనివ్వదు. ఒప్పందం గడువు కూడా దగ్గర పడింది. బొంబాయిలో ఉద్యోగం దొరికిందని చెప్పాను. మౌల్మేన్ తర్వాత నేనాడిన పెద్ద అబద్ధం అదే.

బయల్దేరే ముందు అత్తయ్యగారు రేషన్ కార్డు తీసి, నా పేరు కొట్టేయించాలేమో అన్నారు. "ఉండనివ్వండి అత్తయ్యగారూ, ఎవరడిగినా ఊళ్ళో లేడు, వస్తాడని చెప్పండి. మీ తమ్ముడుగారు వస్తే ఆ బియ్యం అక్కరకొస్తాయి" అన్నాను. "అదీ నిజమే" అని కార్డు మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టేశారు.